పన్నెండు షాఫ్టులు చెడిపోతే ఆపరేటర్ జీతంలో కోయొచ్చా?

మీటర్‌గేజ్:
హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్ల మెషిన్ షాపుల్లో తరచూ నడిచే గొడవే ఇది. ఒక ఉదాహరణ పెడుతున్నా. 40 మి.మీ. డయా, 300 మి.మీ. పొడవు షాఫ్టు, ఈఎన్8 స్టీలు, టాలరెన్స్ (ఒప్పుకునే తేడా) హెచ్7, అంటే డయా 40.000 నుంచి 39.975 మధ్య ఉండాలి. సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషిన్ ఆపరేటర్ వేర్ ఆఫ్‌సెట్‌లో, అంటే టూల్ అరుగుదలకి సరిచేసే అంకెలో, మైనస్ 0.05 కొట్టాల్సిన చోట మైనస్ 0.5 కొట్టాడు. 12 పీసులు అండర్‌సైజ్, అంటే ఉండాల్సిన దానికంటే సన్నం. పీసు అమ్మే ధర 650. అతని జీతం 18,000, ఓనర్ 7,800 కట్ చేశాడు. చెల్లుతుందా?

బాలానగర్‌బాబాయ్:
ఎందుకు చెల్లదండీ? ఎవరు కొట్టారో ఆఫ్‌సెట్ పేజీలోనే కనిపిస్తుంటే! ఓవర్‌సైజ్ వస్తే ఇంకో కట్ తీసి సరిచేస్తాం. 0.45 తగ్గిపోయాక చేసేదేముంది, స్క్రాప్‌లోకే. హార్డ్ క్రోమ్ ఎక్కించి గ్రైండింగ్ చేయొచ్చంటారు గానీ, అంత మందం పూతకి కస్టమర్ ఒప్పుకోడు. పైగా వాళ్ళు డెబిట్ నోట్ కొడతారు. నాకెవరైనా షోకాజ్ నోటీసిస్తారా? బిల్లులో కోసేస్తారంతే.

ఉప్పల్‌వాలా:
తప్పు చేసినోడు కట్టాలి. ఇందులో చర్చేముంది?

చిక్కడపల్లిచట్టం:
ఉందండీ. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం గానీ, దాని స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన 2019 వేతనాల కోడ్ గానీ, జీతంలో కోతకి కారణాలను చట్టమే చెప్పింది. అందులో లేని కారణంతో కోయకూడదు. పాత చట్టం నెలకి 24,000 లోపు వాళ్ళకే వర్తించేది, కోడ్‌లో ఆ పరిమితి లేదు.

తప్పుకి డబ్బు కోయడానికి రెండే దారులు. మొదటిది జరిమానా. ఏ తప్పులకి జరిమానా వేస్తారో ముందే ప్రభుత్వ అనుమతి తీసుకుని నోటీసు బోర్డులో పెట్టాలి. ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు, అంటే 18,000కి 540. వాయిదాల్లో కోయకూడదు, 90 రోజులు దాటాక వసూలు చేయకూడదు. వచ్చిన డబ్బు ఓనర్ జేబులోకి కాదు, కార్మికుల బాగుకే ఖర్చు పెట్టాలి. రెండోది నష్టం కింద కోత. అతనికి ప్రత్యేకంగా అప్పగించి భద్రపరచమన్న సరుకు పాడైనా పోయినా, లెక్క చెప్పాల్సిన డబ్బు తగ్గినా, అది నేరుగా అతని నిర్లక్ష్యం వల్లే అయితేనే. అసలు నష్టాన్ని మించకూడదు. ముందు అతని సంజాయిషీ వినాలి, రిజిస్టర్‌లో రాయాలి. అన్ని రకాల కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు.

బాలానగర్‌బాబాయ్:
మీరే అన్నారుగా, అప్పగించిన సరుకని. రాడ్లు లెక్కపెట్టి ఇస్తాం, జాబ్ కార్డు మీద సంతకం పెడతాడు. అప్పగించినట్టా కాదా?

చిక్కడపల్లిచట్టం:
భద్రపరచడానికి అప్పగించడం వేరు, పని చేయమని ఇవ్వడం వేరు. స్టోర్ కీపర్ దగ్గర ఇన్సర్ట్ (టూల్‌కి బిగించే కోత ముక్క) డబ్బా మాయమైతే మొదటిది. మెషిన్ మీద ఎక్కించిన జాబ్ కొలత తప్పితే అది పనిలో పొరపాటు. దాన్ని ఈ క్లాజులో ఇరికించడం కష్టం.

బాలానగర్‌బాబాయ్:
సంతకం ఉంది సార్. సంతకం.

నాజిల్‌నంబర్2:
పెట్రోల్ బంకులో మాత్రం ఆ క్లాజు నేరుగా వర్తిస్తుంది, క్యాష్‌కి లెక్క చెప్పాల్సింది కుర్రాడే కాబట్టి. కానీ అక్కడా 'షార్ట్' (క్యాష్ తక్కువ) అన్నదంతా షార్ట్ కాదు. పంపు మీటర్ క్లోజింగ్ రీడింగ్‌లోంచి ఓపెనింగ్ తీసేస్తే వచ్చేది మొత్తం అమ్మకం కాదు. పొద్దున 5 లీటర్ల కొలతపాత్రతో టెస్టింగ్ చేసి తిరిగి ట్యాంకులో పోసింది అందులోంచి తీయాలి. మరిచిపోతే, లీటరు 107 అనుకుంటే 535 ఆ కుర్రాడి నెత్తిన పడుతుంది. కార్డు స్లిప్పు పక్క షిఫ్టు బ్యాచ్‌లో సెటిలైనా అంతే. సంజాయిషీ వినమనేది ఇందుకే.

రెండోషిఫ్ట్:
సంతకం సంగతి తర్వాత, బాబాయ్ గారూ. ముందు ఇది చెప్పు: పన్నెండు పీసులు ఎట్ల పోయినయ్? ఆఫ్‌సెట్ మార్చినంక వచ్చే మొదటి పీసుని మైక్రోమీటర్‌తో చూడాలె, క్వాలిటీ మనిషి సంతకం పెట్టాలె, తర్వాతనే సైకిల్ స్టార్ట్. ఆ తర్వాత ప్రతి ఐదో పీసు చూడాలె. 0.45 తేడా అంటే వెర్నియర్‌తోనే దొరుకుతది, మైక్రోమీటర్ కూడా అక్కర్లే. మొదటి పీసు ఆపరేటర్ తప్పే అనుకుందం. మిగిలిన పదకొండు చూడనోళ్ళ తప్పు. రెండో షిఫ్టుల క్వాలిటీ మనిషే ఉండడు, ఒక్కడికి రెండు మెషిన్లు అప్పజెప్తరు. ఇంక 'నేరుగా అతని నిర్లక్ష్యం' ఏడున్నది?

మీటర్‌గేజ్:
ఇంకొకటి. ఇన్సర్ట్ అరిగేకొద్దీ బయటి డయా పెరుగుతుంది, అందుకే ఆపరేటర్ షిఫ్టంతా మైనస్ వేర్ కొడుతూనే ఉంటాడు. అన్నిసార్లు కొట్టే అంకెలో ఒక సున్నా ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. ఒక్కసారికి ఇంతకంటే ఎక్కువ ఎక్కించకుండా కంట్రోలర్‌లో లిమిట్ పెట్టే పారామీటర్ చాలా మెషిన్లలో ఉంటుంది. 0.1 పెట్టుకుంటే 0.5 తీసుకోదు. ఖర్చు లేని పని.

బాలానగర్‌బాబాయ్:
లిమిట్ పెడితే కొత్త ఇన్సర్ట్ వేసినప్పుడల్లా ఎర్రర్ వస్తోందని వాళ్ళే తీసేయమంటారు. తెలుసుకుని మాట్లాడండి.

చిక్కడపల్లిచట్టం:
సరే, మీ వాదనే ఒప్పుకుని కోయొచ్చనే అనుకుందాం. 7,800 ఎక్కడిది? అది అమ్మే ధర, లాభంతో కలిపి. షాఫ్టు సుమారు 3 కిలోలు. స్టీలు కిలో 80 అనుకుంటే 12 పీసులకి 2,880. అదే 36 కిలోలు స్క్రాప్‌కి కిలో 30 చొప్పున వేస్తే 1,080 తిరిగొస్తుంది. మెటీరియల్ నష్టం 1,800. మెషిన్ టైము కలుపుతామంటారా, కరెంటు, టూలింగ్ లెక్క కాగితం మీద చూపించండి. సగం జీతం 9,000 దాటలేదు కదా అని 7,800 చెల్లిపోదు. ఆ సగం అనేది పైకప్పు మాత్రమే, హక్కు కాదు.

ఉప్పల్‌వాలా:
జీతం పూర్తిగా అకౌంట్లో వేసి, క్యాష్ వెనక్కి ఇమ్మంటే సరి. రికార్డే ఉండదు.

చిక్కడపల్లిచట్టం:
కార్మికుడు ఓనర్‌కి గానీ అతని మనిషికి గానీ తిరిగి ఇచ్చింది కూడా కోతే అని చట్టంలోనే రాసుంది. వాట్సాప్‌లో 'అమౌంట్ తెచ్చివ్వు' అన్న ఒక్క మెసేజ్ చాలు.

రెండోషిఫ్ట్:
ఇసొంటి సలహాలిచ్చేటోళ్ళ వల్లనే షాపులకు పేరు పోతున్నది.

బాలానగర్‌బాబాయ్:
చాలించండి బాబూ! అందరూ కలిసి ఓనర్‌ని దొంగ చేశారు. హెల్పర్‌గా చేరినవాడికి డ్రాయింగ్ చదవడం నుంచి ప్రోగ్రామ్ ఎడిటింగ్ దాకా మేం నేర్పిస్తాం. 25,000 అడ్వాన్సిస్తాం. పక్క వీధి షాపులో రెండు వేలు ఎక్కువంటే జీతం పడ్డ మర్నాడే ఫోన్ స్విచాఫ్. అప్పుడు మా నష్టం ఎవరు కడతారు? చేతిలో ఏదో ఒకటి ఉంచుకోకపోతే షాపు నడవదు.

రెండోషిఫ్ట్:
గదీ అసలు మాట! షాఫ్టులు కావు, మనిషి పోతడని భయం. అందుకే తప్పు జరిగిన నెల కోయరు, నోట్‌బుక్కుల రాసి పెట్టుకుంటరు. పోతనన్న రోజు ఆ లిస్టు మొత్తం బయటికొస్తది. విరిగిన డ్రిల్లు, పోయిన అలెన్ కీ, అన్నీ. అన్ని నెలలు సంజాయిషీ అడగలే, ఇప్పుడెందుకు?

మీటర్‌గేజ్:
ఇక్కడ మాత్రం రెండోషిఫ్ట్ మాటే కరెక్టు. సెటిల్‌మెంట్ రోజు పుట్టే లెక్కని ఎవరూ సరిచూడలేరు. ఆ పీసులు ఎప్పుడో స్క్రాప్‌కి వెళ్ళిపోయుంటాయి.

చిక్కడపల్లిచట్టం:
బాబాయ్ గారూ, అడ్వాన్సుని పొరపాటుతో కలపకండి. అడ్వాన్సు కోతకి చట్టంలో వేరే క్లాజుంది, రాతపూర్వకంగా వాయిదాలు పెట్టుకుని వసూలు చేసుకోవచ్చు. చెప్పకుండా వెళ్ళిపోతే నోటీసు పీరియడ్ సంగతి అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఉండాలి. చాలా షాపుల్లో అసలు ఆర్డరే ఇవ్వరు, అది వేరే కథ. కానీ రాజీనామా చేసినవాడికి రెండు పనిదినాల్లో జీతం ఇచ్చేయాలని కోడ్ చెబుతోంది.

కోత పడ్డవాళ్ళు చేయాల్సింది: బ్యాంకు స్టేట్‌మెంటు, పే స్లిప్పు, హాజరు, కోత గురించిన మెసేజ్‌లు దగ్గర పెట్టుకోండి. కోతకి కారణం, లెక్క అడుగుతూ ఓనర్‌కి ఒక లెటర్ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. జవాబు రాకపోతే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో కార్మిక శాఖ ఆఫీసు ఉంది, మీ ఏరియా ఏ అధికారి కిందికొస్తుందో అక్కడ చెబుతారు. కోడ్ ప్రకారం క్లెయిమ్‌కి మూడేళ్ళ గడువు. కోత తప్పని తేలితే అసలుతో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం వేయొచ్చు.

నాజిల్‌నంబర్2:
పది రెట్లా! 7,800కి 78,000. ఆ డబ్బుతో క్వాలిటీ మనిషిని పెట్టుకోవచ్చుగా.

బాలానగర్‌బాబాయ్:
రెండు రోజుల్లో సెటిల్ చేయాలంటున్నారు, బాగుంది. కస్టమర్ దగ్గర ఇన్‌స్పెక్షన్ అయి డెబిట్ నోట్ రావడానికే నెల పడుతుంది. అప్పటికి వాడు ఏ షాపులో ఉంటాడో. అప్పుడెవర్ని అడగను?

చిక్కడపల్లిచట్టం:
సివిల్ దావా వేసుకోవచ్చు.

బాలానగర్‌బాబాయ్:
1,800 కోసం సివిల్ కోర్టుకా?

రెండోషిఫ్ట్:
మా 1,800 కోసం మమ్మల్ని లేబర్ ఆఫీసుకు పొమ్మంటలేరా?