పిట్టలు తిరిగొచ్చాయి, గింజల తొట్టి తీసేయాలా?

రెక్కలచప్పుడు: చలికాలమంతా పెరట్లో గింజలు పెట్టాను. వలస వెళ్లిన పిట్టలు ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయి, గూళ్లు మొదలయ్యాయి. ఇక తొట్టి తీసెయ్యమని కొందరు, ఉంచమని కొందరు. మీరేమంటారు?

మట్టివాసన: తీసెయ్యండి. పిల్లలకి కావాల్సింది మెత్తటి గొంగళిపురుగులు. గింజలు తినే పిట్టలు కూడా చాలావరకు పిల్లలకు పురుగులే ఏరి తెస్తాయి. పైగా ఒకే తొట్టి దగ్గర గుంపు చేరితే జబ్బులు. బ్రిటన్‌లో 2005 తర్వాత గ్రీన్‌ఫించ్ పిట్టలు అంతలా తగ్గిపోయింది ట్రైకోమోనోసిస్ అనే గొంతు జబ్బు వల్లే. తొట్టి ఉంటే వలస పిట్టలు కదలకుండా ఆగిపోతాయి కూడా.

కిటికీపక్క: ఆగిపోవు. వలసకు టైమయిందని వాటికి తెలిసేది ముఖ్యంగా పగటి నిడివిని బట్టి, మీ తొట్టిని బట్టి కాదు.

మట్టివాసన: ఆలస్యం కావచ్చని నా ఉద్దేశం.

కిటికీపక్క: "ఆగిపోతాయి" అని పైన మీరే రాశారు, చదువుకోండి.

పచ్చగడ్డి: వలస గొడవ ఆపండి, ఆయన అడిగింది తొట్టి గురించి.

మట్టివాసన: సరే, తొట్టి గురించే చెప్తా. పక్కింటివాళ్లు ఏనాడూ కడగని తొట్టి కింద ఒక పిట్టని చూశాను. ఈకలు ఉబ్బించుకుని, ముక్కు చుట్టూ తడితడిగా, గింజ నోట్లో పెట్టుకుని మింగలేక వదిలేస్తోంది. నేను పక్కకెళ్లి నిలబడ్డా ఎగరలేకపోయింది. వాళ్లకి చెప్తే నవ్వారు. మీరంతా పెట్టేది పిట్టల కోసం కాదు, మీరు చూసుకోవడానికి!

కిటికీపక్క: అవునండీ, చూడ్డానికే. మా అమ్మ మంచం దిగలేదు, రోజంతా ఆ కిటికీలోంచే చూస్తుంది. ఏ పిట్ట ఎప్పుడొచ్చిందో నేను ఇంటికి రాగానే వరసగా చెప్తుంది. వాళ్లెవరో తొట్టి కడగలేదని మా అమ్మకి పిట్టల్ని లేకుండా చేస్తారా?

రెక్కలచప్పుడు: ఇంత కోపాలొస్తాయనుకోలేదు.

మట్టివాసన: అమ్మగారి మీద నాకేం కోపం? పురుగులుండే చెట్టు నాటండి, నీళ్ల పళ్లెం పెట్టండి. గింజ ముట్టని పిట్టలు కూడా నీళ్లకి వస్తాయి. కానీ మన సరదాకి వాటి ప్రాణం మీదికి తేవద్దు.

పచ్చగడ్డి: కడగడానికి ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్లు. మళ్లీ మంచినీళ్లతో కడిగి, బాగా ఆరాకే గింజలు పొయ్యాలి.

కిటికీపక్క: నీళ్ల పళ్లెం రేపే పెడతాను. చెట్టు పెరిగేదాకా ఆగే వయసు కాదు మా అమ్మది, తొట్టి ఉంటుంది. వారంవారం కడుగుతున్నాను. జబ్బు పిట్ట ఒక్కటి కనబడినా ఆ రోజే దింపేస్తాను. అంతకుమించి ఒప్పుకోను.