పురుగుమందు కేసుల్లో అట్రోపిన్: ఎంతవరకు పెంచాలి, ఎప్పుడు ఆపాలి?

హౌస్‌సర్జన్_కొత్త: మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ (ఒక రకం పురుగుమందు) కేసుల్లో విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ చాలిందని ఏ గుర్తు చూసి చెప్పాలి సర్? ఒకరు కంటిపాప చూడమంటారు, ఇంకొకరు పల్స్ 120 దాటితే ఆపేయమంటారు.

మెడిసిన్_వార్డు: ముందు ఛాతీ మీద స్టెత్ పెట్టండి. ఈ పురుగుమందు, నరాల సందేశం మోసే ఎసిటైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని కట్టేస్తుంది. పేరుకుపోయిన ఎసిటైల్‌కోలిన్ గ్రంథులు, శ్వాసనాళాలు, గుండెలో ఉండే మస్కరినిక్ రిసెప్టార్లను వదలకుండా తడుతుంటే ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతుంది. తొలి గంటల్లో ప్రాణం తీసేది చాలావరకు అదే. అట్రోపిన్ ఆ రిసెప్టార్లలో పోటీకి కూర్చుంటుంది. అవతల ఎసిటైల్‌కోలిన్ ఎంత ఎక్కువుంటే ఇవతల అట్రోపిన్ అంత కావాలి. అందుకే అందరికీ ఒకే డోసు ఉండదు.

మన దగ్గర మామూలుగా దొరికే ఆంపూల్ 0.6 మి.గ్రా. పెద్దవాళ్లకు 3 ఆంపూల్స్‌తో, అంటే 1.8 మి.గ్రా.తో మొదలు. తీవ్రంగా ఉంటే 5. అయిదు నిమిషాలకోసారి చూసి, మెరుగు లేకపోతే రెట్టింపు చేయాలి: 1.8, 3.6, 7.2. మూడు డోసులకే 21 ఆంపూల్స్ అయిపోతాయి, ట్రేలో పది పెట్టుకుని మొదలుపెట్టకండి. ఛాతీలో గురగుర, పిల్లికూతలు పోవాలి, పల్స్ 80 పైన, సిస్టాలిక్ బీపీ 80 పైన ఉండాలి, చంకలు ఆరాలి. కంటిపాప సూదిమొనలా లేకపోతే చాలు, పూర్తిగా విచ్చుకునేదాకా ఆగక్కర్లేదు. అది ఆలస్యంగా కదులుతుంది.

పల్స్ 120 ఉన్నా ఛాతీ తడిగా ఉంటే ఇవ్వాల్సిందే. ఆక్సిజన్ తగ్గినా, నికోటినిక్ (కండరాలు, నరాల ముడుల్లో ఉండే రెండో రకం రిసెప్టార్ల) ప్రభావం వల్లా పల్స్ పెరుగుతుంది.

ఐసీయూ_సిస్టర్: ఛాతీ ఆరాక ఇన్‌ఫ్యూజన్, అంటే సిరలోకి ఆగకుండా కొద్దికొద్దిగా ఎక్కించడం. అప్పటిదాకా పట్టిన మొత్తంలో 10 నుంచి 20 శాతం గంటకు. పై లెక్కలో మొత్తం 12.6 మి.గ్రా., కాబట్టి గంటకు 1.5 మి.గ్రా.తో మొదలుపెట్టొచ్చు. 50 మి.లీ. సిరంజిలో 50 ఆంపూల్స్ నేరుగా నింపితే 2.5 మి.లీ./గంట. పంపు లేక సెలైన్‌లో కలిపితే తిప్పలే: రాత్రి బాటిల్ అయిపోయినా, సూది పక్కకు పోయినా ఎవరూ చూడరు, తెల్లారేసరికి మళ్లీ చొంగ, గురగుర. మొదటి ఆరు గంటలు పావుగంటకోసారి ఛాతీ వినాలి.

ఇంకొకటి, ఒంటి మీద బట్టలు తీసి సబ్బునీళ్లతో కడగండి, జుట్టుతో సహా. గ్లౌజులు మర్చిపోవద్దు.

హౌస్‌సర్జన్_కొత్త: మరి ఎక్కువైందని ఎలా తెలుస్తుంది మేడమ్?

ఐసీయూ_సిస్టర్: పేషెంట్ గాల్లో ఏదో అందుకుంటున్నట్టు చేతులాడిస్తాడు, దుప్పటి పీకుతాడు. జ్వరం వస్తుంది, పేగు శబ్దాలు ఆగిపోతాయి. ఉమ్మెత్త గింజలు తిన్నవాడి వాలకమే, అందులో ఉండేదీ ఈ జాతి మందులే. ఈ మూడూ కనిపిస్తే ఇన్‌ఫ్యూజన్ ఆపి అరగంట నుంచి గంట చూడండి, తగ్గాక 70–80 శాతం రేటుతో మళ్లీ మొదలు. ఎండాకాలం ఏసీ లేని వార్డులో జాగ్రత్త, చెమట పట్టదు కాబట్టి జ్వరం ఒక్కసారిగా ఎగబాకుతుంది.

మెడిసిన్_వార్డు: కుడి ఊపిరితిత్తి అడుగున ఒక్కచోటే గురగుర వింటే అది వాంతి లోపలికి పోయిన గుర్తు కావచ్చు. దాన్ని ఆరబెట్టాలని అట్రోపిన్ పోస్తే పిచ్చెక్కడం తప్ప లాభం లేదు.

మత్తుడాక్టర్: అందరూ మర్చిపోయేది నికోటినిక్ వైపు. కండరాల అదురు, నీరసం అట్రోపిన్‌తో కదలవు. ఛాతీ పొడిగా ఉంది కదా అని రెండో రోజు నిశ్చింతగా ఉంటే, 24 నుంచి 96 గంటల మధ్య ఇంటర్మీడియట్ సిండ్రోమ్ (మెడ, ఊపిరి కండరాలు నీరసించడం) రావచ్చు. పూటపూటా తలగడ మీద నుంచి తల ఎత్తమనండి. ఎత్తలేకపోతే వెంటిలేటర్ సిద్ధం చేసుకోండి. ట్యూబు వేయడానికి కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ వద్దు. దాన్ని కరిగించే ఎంజైమ్ కూడా ఈ విషంతో పడిపోయి ఉంటుంది, కండరాలు గంటలకొద్దీ లేవవు. రోక్యురోనియం వాడండి, డోసు కాస్త ఎక్కువ పట్టొచ్చు.

ఫార్మసీ_మెట్లు: పామ్ (ప్రాలిడాక్సిమ్, విషం కట్టేసిన ఎంజైమ్‌ని విడిపించే మందు) సంగతి? అట్రోపిన్‌కి బదులు గ్లైకోపైరొలేట్ సరిపోతుందా?

మెడిసిన్_వార్డు: గ్లైకోపైరొలేట్ అట్రోపిన్ లాంటిదే, కానీ మెదడులోకి పోదు. అట్రోపిన్‌తో డెలీరియం (మతి తప్పడం) వచ్చి, ఛాతీ ఇంకా తడిగా ఉంటే తోడుగా పనికొస్తుంది, అట్రోపిన్‌కి బదులు కాదు.

పామ్ లాభం మీద ట్రయల్స్ ఒక మాట మీద లేవు. ఇస్తే అట్రోపిన్ మొదలుపెట్టాకే: కిలోకు 30 మి.గ్రా. 20–30 నిమిషాల్లో, తర్వాత గంటకు కిలోకు 8 మి.గ్రా. గబగబా ఎక్కిస్తే వాంతులు, బీపీ పెరగడం, ఒక్కోసారి గుండె ఆగడం. ఏ మందు తాగాడో డబ్బా తెప్పించి చూడండి. మోనోక్రోటోఫాస్ లాంటి డైమిథైల్ రకాల్లో ఎంజైమ్‌లో సగం 4 గంటల్లోపే ఇక తిరిగిరాని స్థితికి చేరుతుంది, క్లోరిపైరిఫాస్ లాంటి డైఇథైల్ రకాల్లో దాదాపు 33 గంటలు పడుతుంది. మర్నాడు వచ్చిన మోనో కేసుకి పామ్ ఎక్కించి పెద్దగా ఒరిగేదేమీ లేదు.