పాత స్పీకర్లకి కొత్త రిసీవర్: ఎన్ని వాట్లది తీసుకోవాలి?

రొయ్యలగుంట:
అన్నలూ, మాది కావలి. పోయిన నెల ఉరుముల్లో మా రిసీవర్‌కి (టీవీ సౌండుని పెంచి స్పీకర్లకి పంచే పెట్టె) దెబ్బ తగిలింది. పెన్‌డ్రైవ్ పెడితే పాటలు బ్రహ్మాండంగా వస్తున్నాయి, హెచ్‌డీఎంఐ మాత్రం ఒక్కటీ పలకడం లేదు. ఆ బోర్డు ఇప్పుడు దొరకదన్నాడు మెకానిక్. పన్నెండేళ్లు వాడాం, ఏమనుకుంటాం.

స్పీకర్లు మాత్రం వదలను. ముందువి రెండూ చెన్నై రిచీ స్ట్రీట్‌లో బేరమాడి పినాకినిలో తెచ్చినవి. గూడూరు దాకా సీటు దొరక్క వాటికి కాపలాగా నిలబడే వచ్చా. వాటి వీపు మీద 6 ఓమ్స్ (కరెంటుకి అడ్డు), 88 డీబీ (ఎంత గట్టిగా మోగుతాయో) అని రాసుంది. మాటలొచ్చే సెంటర్ స్పీకర్‌దీ 6. వెనక గోడవి 8 అనుకుంటా, ఎత్తులో ఉన్నాయి, ఎక్కి చూడలేదు. సబ్‌వూఫర్‌కి సొంత ప్లగ్ ఉంది. గది 14 బై 11.

షాపతను "1000 వాట్స్ 7.2 తీసుకోండి సార్, ఇల్లదిరిపోద్ది" అంటున్నాడు. 7.2 అంటే ఏడు స్పీకర్లు, రెండు సబ్‌వూఫర్లంట. ఇల్లు అదరక్కర్లేదు, పక్క గదిలో మా అమ్మ పడుకుంటుంది. మాటలు స్పష్టంగా వినపడాలి, అంతే. బడ్జెట్ 45 వేలు.

పాతరేడియో:
ఆ 1000ని పక్కన పెట్టు తమ్ముడూ. అట్టపెట్టె మీది అంకె చాలాసార్లు ఒక్క ఛానల్‌నే (ఒక స్పీకరుకెళ్లే లైను) గొంతు చిరిగేదాకా మోగించి కొలిచి, ఛానళ్ల సంఖ్యతో హెచ్చవేసింది. స్పెసిఫికేషన్లలో "2 ఛానల్స్, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్" అని ఒక లైను ఉంటుంది, అంటే రెండు ఛానళ్లూ కలిపి, చెవికి వినపడే స్వరాలన్నిటి మీదా కొలిచింది, అది చూడు. అక్కడ 70, 80 వాట్లు ఉంటే నీ గదికి దండిగా చాలు. 88 డీబీ అంటే 1 వాటుకి, 1 మీటరు దూరంలో. 3 మీటర్ల దూరంలో కూర్చుంటే 9, 10 డీబీ తగ్గుద్ది, దాన్ని 10 వాట్లు పూడ్చేస్తాయి. 50 వాట్లది కాదని 100 వాట్లది కొన్నా పెరిగేది 3 డీబీయే.

మిగిలే డబ్బు మైకుతో గదిని కొలిచి సర్దుకునే సౌకర్యం మీద పెట్టు. డెనాన్‌లో ఆడిస్సీ అంటారు, యమహాలో వైపావో. ఆ మోడల్ పెట్టెలో మైకు ఉందా అని గట్టిగా అడుగు. అమ్మ పడుకున్నాక సెంటర్ ఒక్కటీ 2, 3 డీబీ పెంచుకుంటే మొత్తం వాల్యూమ్ తగ్గించినా మాటలు వినపడతాయి.

ఒంగోలుగిత్త:
"8 అనుకుంటా" అంటే కుదరదు బాస్, స్టూలేసుకుని ఎక్కు. అయిదింట్లో తక్కువ ఓమ్స్ దేనికుందో దాన్ని బట్టే రిసీవర్. హోమ్ థియేటర్ సెట్‌తో వచ్చే చిన్న స్పీకర్లు కొన్ని 3 ఓమ్స్ ఉంటాయి. మామూలు రిసీవర్లు 4కి, కొన్నయితే 6కి దిగువన వద్దంటాయి. కరెంటు ఎక్కువ లాగి, వేడెక్కి, సినిమా మధ్యలో ప్రొటెక్షన్ అని ఆగిపోద్ది. అద్దాల అల్మారాలో పెడితే ఇంకా తొందరగా.

ఇంకోటి, పిడుగు కరెంటు తీగలోంచే రానక్కర్లేదు. మా ఇంట్లో డిష్ వైరులోంచి సెట్‌టాప్ బాక్సుకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐలోకి దిగింది. స్టెబిలైజర్ చోద్యం చూస్తా ఉంది. మబ్బు పట్టగానే ఆ వైరు పీకేయి. ఎండాకాలం ఎర్త్ గుంతలో రెండు బిందెల నీళ్లు పోయి.

కొనేదాకా టీవీ నుంచి ఆప్టికల్ కేబుల్ వేసుకో. 5.1 వస్తుంది, ఆట్మాస్ (నెత్తి మీంచి కూడా వినపడే సౌండ్) రాదు.

రొయ్యలగుంట:
ఆప్టికల్ గుచ్చా, రాత్రి సినిమా చూశాం. అమ్మకి తెలియనే లేదు.

స్టూలెక్కి చూస్తే వెనక బల్లిగుడ్లు, వాటి కింద స్టిక్కరు: 3 ఓమ్స్. అవి అంతకుముందు వాడిన చిన్న సెట్‌వని అప్పుడు గుర్తొచ్చింది. సౌండ్ తక్కువ పెట్టబట్టి ఇన్నేళ్లూ నెట్టుకొచ్చినట్టుంది. అవి తీసేసి 8వి వేస్తా.

షాపతనికి ఫోన్ చేసి ఆ 2 ఛానల్స్ లైను చదవమన్నా. కాసేపాగి, "80 సార్" అన్నాడు. మిగతా 920 ఏమయ్యాయని అడగలేదు. మైకు ఉందంట. శనివారం పోయి తెచ్చుకుంటా.