హాబ్సన్స్ ఛాయిస్‌కి ఏ అర్థం కరెక్టు? అసలు ఇడియమ్స్ పరీక్షల్లో ఉండాలా?

సీజీఎల్_ఈసారి:
సీజీఎల్‌కి (డిగ్రీ చదివినవాళ్లు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం రాసే పరీక్ష) చదువుతున్నాను. నిన్న రాసిన మాక్ టెస్టులో ఒక బిట్టు: ‘హాబ్సన్స్ ఛాయిస్’ అంటే ఏమిటి? ‘ఉన్నదొక్కటే, వేరే దారి లేదు’ అన్న ఆప్షన్ పెట్టాను. కీలో ‘రెండు చెడ్డవాటిలో ఒకటి ఎంచుకోవాల్సి రావడం’ అని ఇచ్చారు. రెండు మార్కులు రాలేదు సరికదా, అర మార్కు కోత పడింది. కోచింగ్ వాళ్లకి మెయిల్ పెడితే ‘కీ కరెక్టే’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. తెలిసినవాళ్లు చెప్పండి.

తెనాలి_మాస్టారు:
బాబూ, మీరు పెట్టిందే కరెక్టు. థామస్ హాబ్సన్ కేంబ్రిడ్జిలో గుర్రాలు అద్దెకిచ్చేవాడు. 1631లో పోయాడు. కేంబ్రిడ్జికీ లండన్‌కీ మధ్య ఉత్తరాలు, సరుకులు చేరవేసేవాడు. ఆ ఊరి విద్యార్థులు వచ్చి ప్రతిసారీ మంచి గుర్రాన్నే అడిగి, దాన్ని పరుగులు పెట్టించి చంపుతున్నారని ఒక నియమం పెట్టాడు. తలుపు దగ్గర ఏది కట్టేసి ఉంటే అదే ఇస్తాడు, వద్దంటే నడిచి పోవాల్సిందే. 1712లో స్పెక్టేటర్ పత్రికలో ఈ కథ అచ్చయింది. రెండు గుర్రాలు చూపించి ఎంచుకోమన్నది అందులో ఎక్కడా లేదు. రెండు కష్టాల మధ్య ఇరుక్కోవడానికి ‘డైలమా’ అన్న మాట ఉండనే ఉంది.

అయితే నా అసలు బాధ వేరు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. ఎప్పుడో పోయిన ఒక గుర్రాలవాడి పేరు తెలియకపోతే మా పిల్లవాడు ఇన్‌కమ్ ట్యాక్స్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగానికి పనికిరాడా? ఆఫీసులో నోట్ ఎలా రాయాలో అడగండి, ఉత్తరం చదివి అర్థం చెప్పమనండి. ఇంటికి ఇంగ్లీషు పేపరు వచ్చే పిల్లలకి ఇవి చెవిన పడుతూనే ఉంటాయి. మా పిల్లలకి పడవు. ఈ బిట్లు తీసెయ్యాలి.

ఎడిసన్_నరసింహ:
మాస్టారూ, చరిత్ర బాగుంది. కానీ మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు తీసి చూడండి. మొదటి అర్థం మీరు చెప్పిందే. రెండో అర్థంగా, సమానంగా ఇష్టంలేని వాటిలో ఒకదాన్ని ఒప్పుకోక తప్పకపోవడం అని కూడా ఇచ్చారు. ఇక్కడ న్యూజెర్సీలోని ఎడిసన్‌లో నా చెవిన పడేది ఎక్కువగా రెండోదే. కీ తప్పు ఎలా అవుతుంది?

‘టేబుల్’ అన్న మాట తీసుకోండి. లండన్‌లోనైనా ఢిల్లీలోనైనా ఒక ప్రతిపాదనను టేబుల్ చేశారంటే చర్చకు పెట్టారని. అమెరికాలో అదే మాటకి చర్చ ఆపి పక్కన పెట్టారని. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ అధికారులు దీనిమీదే చాలాసేపు వాదించుకున్నారని, తీరా చూస్తే ఇద్దరికీ కావలసింది ఒకటేనని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు. జనం ఎలా వాడితే అదే అర్థం.

బిట్ల_పిచ్చి:
ఇడియమ్స్ పీడీఎఫ్ ఎవరిదగ్గరైనా ఉంటే పెట్టండి ప్లీజ్.

సీజీఎల్_ఈసారి:
నరసింహ అన్నా, ఆ రెండు అర్థాలూ ఒకే బిట్టులో రెండు ఆప్షన్లుగా ఉన్నాయి. రెండూ కరెక్టయితే ఆ బిట్టు రద్దు చెయ్యాలి కదా? నాకు కోత ఎందుకు?

ఎడిసన్_నరసింహ:
ఎక్కువమంది వాడేది పెట్టాలి తమ్ముడూ.

తెనాలి_మాస్టారు:
ఎక్కువమంది అంటే ఎవరండీ? ఎడిసన్‌లో మీ ఆఫీసువాళ్లా? పరీక్ష రాసేది గుంటూరులో, ఖమ్మంలో. ఆ పిల్లల చేతిలో ఉన్న పుస్తకంలో మొదటి అర్థమే ఉంటుంది. రెండోదానికి మార్కు ఇస్తామంటే ముందే చెప్పాలి.

ఎడిసన్_నరసింహ:
పుస్తకం పట్టుకు వేలాడటం వల్లే మనవాళ్ల ఇంగ్లీషు ఇలా తయారైంది. మా టీములోకి కొత్తగా వచ్చే పిల్లలు మెయిల్లో ‘బర్నింగ్ ద మిడ్‌నైట్ ఆయిల్’ (రాత్రి పొద్దుపోయేదాకా పనిచేయడం) అని రాస్తారు. ఇక్కడివాళ్లు ఆ మాట మామూలు ఆఫీసు మెయిల్లో రాయరు. ఒకసారి క్లయింటు ముందు నేనే సర్దిచెప్పాల్సి వచ్చింది, నామోషీగా అనిపించింది. బట్టీ పట్టిన జాతీయం ఎక్కడ వాడాలో తెలియదు. ఈ ఒక్క విషయంలో మాస్టారితో ఏకీభవిస్తా, తీసెయ్యడమే మంచిది.

లైబ్రరీ_బెంచీ:
ఇద్దరూ కలిసి తీసేద్దామనుకుంటున్నరు. మమ్మల్ని ఒక్కమాట అడిగిండ్రా?

నేను చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీల కూసొని చదువుకునేటోన్ని. పదో తరగతి దాక తెలుగు మీడియమే. సీజీఎల్ టైర్ వన్‌ల, అంటే మొదటి దశ పరీక్షల, ఇంగ్లీషు 25 బిట్లు, 50 మార్కులు. మొత్తం పేపరుకు గంటే టైము. అందుల ప్యాసేజీ ఉంటది, ఖాళీలు నింపే క్లోజ్ టెస్ట్ ఉంటది. నేను ఆ ప్యాసేజీని ఒక్కసారి చదివేలోపల కాన్వెంట్ల చదివినోడు జవాబులు పెట్టేసి లెక్కల కాడికి పోతడు. ఆ స్పీడు చిన్నప్పటి నుంచి వచ్చింది. ఎంత కష్టపడ్డా నాకు ఒక్క ఏడాదిల వస్తదా?

ఇడియమ్ బిట్టు అట్ల కాదు. ‘క్రాస్ ద రూబికాన్’ అంటే వెనక్కి మళ్లలేని అడుగు వేసుడు. రూబికాన్ నది దాటిన సీజర్ కథ వాడికి తెల్వకపోవచ్చు, నేను రాసుకొని చదివిన గనుక నాకు తెల్సు. అక్కడ వానికి, నాకు మధ్య ఇంగ్లీషు మీడియం లేదు, ఎవడు ఎక్కువ కూసున్నడనేదే ఉంది. తెలుగు మీడియం పిల్లల కోసమని మీరు తీసేసేది మాకు చేతనైన ఆ రెండు మూడు బిట్లనే. తీసేసి ఏం పెడ్తరు? ఇంకో ప్యాసేజీ పెడ్తరు.

సీజీఎల్_ఈసారి:
బెంచీ అన్నా, ఈ కోణంలో నేను ఆలోచించలేదు.

తెనాలి_మాస్టారు:
నాయనా, నీ బాధ నాకు తెలియక కాదు. ఉద్యోగంలో చేరాక నీ బల్ల మీదకి వచ్చేది ఫైలు. అందులో ప్యాసేజీలే ఉంటాయి, రూబికాన్ ఉండదు. అప్పుడు నువ్వు తడబడితే నా మనసు చివుక్కుమంటుంది. ఇడియమ్స్ కోసం పోరాడే బదులు పరీక్షే తెలుగులో పెట్టమని అడగకూడదూ? పదో తరగతి అర్హతతో కేంద్ర ఉద్యోగాలకి రాసే ఎంటీఎస్ పరీక్ష 2023 నుంచి తెలుగులో రాయనిస్తున్నారు. సీజీఎల్ ఇంకా ఇంగ్లీషు, హిందీలకే పరిమితం. అడగాల్సింది అక్కడ.

లైబ్రరీ_బెంచీ:
ఎంటీఎస్ తెలుగుల పెట్టినా దాంట్ల ఇంగ్లీషు సెక్షన్ ఉన్నది సార్, 25 బిట్లు. సీజీఎల్ తెలుగుల పెట్టినా ఆ సెక్షన్ ఎటూ పోదు. కొట్లాడుదాం, నేను వద్దంటలేను. అది వచ్చేలోపు నా వయసు దాటిపోతది.

మీకు భాష రావాలె. నాకు కొలువు రావాలె. కొలువు వస్తే ఫైలు చూసుకుంట భాష నేర్సుకుంట. మీరు భాష ముందంటున్నరు. ఇన్నేండ్లు భాష ముందంటే ముందట వడ్డది ఎవరు సార్? మా క్లాసుల ఇంగ్లీషు సారు పాఠాన్ని తెలుగుల చెప్పి, ప్రశ్న జవాబులు బోర్డు మీద రాసి, అవే చూసి రాసుకోమనేటోడు. మా ఇంగ్లీషు అంతే. ఇప్పుడు బట్టీ పట్టొద్దంటే ఎట్ల?

తెనాలి_మాస్టారు:
మీ క్లాసులో జరిగిందానికి నన్ను నిలదీస్తున్నావు. నేను అలా చెప్పలేదు. కథ చెప్పి, వాక్యాలు చేయించేవాణ్ణి. ‘నీళ్లు నమలడం’ అన్న మాటని మీరెవరూ పుస్తకంలో చూసి నేర్చుకోలేదు, మాట్లాడుతుంటే వచ్చింది. ఏ భాషలో జాతీయమైనా అలాగే రావాలి.

ఎడిసన్_నరసింహ:
అదే నేనూ అంటున్నది. వింటే వస్తుంది. వినే అలవాటు చేసుకోవాలి.

లైబ్రరీ_బెంచీ:
ఎక్కడ వినాలె అన్నా? మీరు ఎడిసన్ల వింటున్నరు. మా హాస్టల్ల ఎవరు మాట్లాడ్తరు?

కృష్ణలంక_77:
ఇంతకీ ఆ బిట్టు సంగతి ఏమైంది?

సీజీఎల్_ఈసారి:
రెండు అర్థాలూ ఉన్న నిఘంటువు పేజీ ఫొటో తీసి మళ్లీ పంపాను. బిట్టు రద్దు చేయమన్నాను. ఇంకా జవాబు లేదు.

తెనాలి_మాస్టారు:
మంచి పని చేశారు. బెంచీ బాబూ, చివరిగా ఒక్క మాట. ఇడియమ్‌ని ఒంటరిగా అడగకుండా, రెండు మూడు వాక్యాల మధ్య పెట్టి అడిగితే నీకు అభ్యంతరమా? నువ్వు చదివిందీ పనికొస్తుంది, హాబ్సన్ లాంటి గొడవా ఉండదు. ఏ అర్థమో చుట్టూ ఉన్న వాక్యాలే తేలుస్తాయి.

లైబ్రరీ_బెంచీ:
రెండు మూడు వాక్యాలంటే అది మళ్ల ప్యాసేజీనే అయితది సార్. పది సెకండ్లల పెట్టే బిట్టు నలభై సెకండ్లు తింటది. నేను ఒప్పుకోను.