156 ప్రచండ్‌లు కొండలకు సరే, మన తీరానికి ఏమిటి?

నాగావళి కుర్రాడు (చర్చ మొదలుపెట్టినవారు)
విజయనగరంలో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నాను. రక్షణ రంగం మీద నోట్సు రాసుకుంటుంటే రెండు సంగతులు ఒకే పేజీలో పడ్డాయి. 2025 మార్చిలో 156 ప్రచండ్ పోరాట హెలికాప్టర్లకు సుమారు 62,700 కోట్ల రూపాయల ఒప్పందం జరిగింది. అందులో సైన్యానికి 90, వైమానిక దళానికి 66. నౌకాదళానికి 111 యుటిలిటీ (మనుషులనూ సరుకులనూ మోసే) హెలికాప్టర్లు కొనాలన్న ప్రతిపాదనకు 2018 ఆగస్టులోనే ఆమోదం దొరికింది. కానీ ఓడల మీద 1960ల నాటి నమూనా చేతక్ హెలికాప్టర్లే ఇంకా ఎగురుతున్నాయి. శ్రీకాకుళం జిల్లా ఒక్కదానికే 193 కిలోమీటర్ల తీరం ఉంది. ముందు కొండలకు కొనాలా, సముద్రానికి కొనాలా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

సోంపేట హవల్దార్
ముందు కొండలకే. ఇందులో చర్చకు చోటు లేదు. 1999 మే 28న కార్గిల్ యుద్ధంలో తోలోలింగ్ కొండ దగ్గర మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను భుజం మీద పెట్టి పేల్చే క్షిపణితో కూల్చారు. నలుగురు పోయారు. సరుకులూ మనుషులూ మోసే హెలికాప్టర్‌కు రాకెట్లు కట్టి యుద్ధానికి పంపాం. అంత ఎత్తులో పోరాడే యంత్రం మన దగ్గర లేదు గనుకనే పంపాం. ప్రచండ్ ఆలోచన పుట్టింది అక్కడ. 2022 అక్టోబరులో జోధ్‌పూర్‌లో దాన్ని దళంలో చేర్చుకున్నారు. 23 ఏళ్లు పట్టింది. ఇప్పుడు కూడా ఆగమంటారా? పైగా ప్రచండ్, మనుషులనూ సరుకులనూ మోసే మన ధ్రువ్ హెలికాప్టర్, రెండూ ఒకే కుటుంబం. అవసరమైతే రేపు ఓడ మీద కూడా దించుకోవచ్చు.

ఓడ మెకానిక్
నౌకాదళ వైమానిక విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. హవల్దార్ గారూ, మీ చివరి వాక్యం దగ్గర ఆగాలి. ఓడ మీద దించుకోవచ్చు అని అంత తేలికగా అనేశారు. ఓడ వెనుక భాగంలో ఉండే డెక్ ఒక చిన్న ఇంటి వాకిలంత ఉంటుంది. అది పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది, పక్కకు ఒరుగుతుంది. దిగిన యంత్రాన్ని హ్యాంగర్‌లోకి తోయాలంటే రెక్కలు మడవాలి. మడత లేని రెక్కలతో అది లోపలికి వెళ్లదు. ఉప్పుగాలికి అల్యూమినియం పొడిలా రాలుతుంది, అందుకే సముద్రం మీద ఎగిరి వచ్చిన ప్రతిసారీ మంచినీటితో కడిగేవాళ్లం. ధ్రువ్ రెక్కల మడత విషయంలోనే నౌకాదళం ఏళ్ల తరబడి అసంతృప్తిగా ఉంది. రష్యావాళ్ల కామోవ్ హెలికాప్టర్ చూడండి. ఒకదాని మీద ఒకటి రెండు రోటార్లు, అంటే తిరిగే రెక్కల చక్రాలు, ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి, అందుకని తోక రోటారే అక్కర్లేదు. చిన్న డెక్‌కు అది సరిగ్గా సరిపోతుంది. ప్రచండ్‌ను దేని కోసం గీశారో అది చేస్తుంది. ఓడ పని దానిది కాదు.

సోంపేట హవల్దార్
2011లో లిబియా మీదికి బ్రిటన్ తన అపాచీలను ఓడ మీద నుంచే పంపింది. అది సైన్యపు హెలికాప్టరే. మరి వాళ్లకు సాధ్యమైంది మనకు ఎందుకు కాదు?

ఓడ మెకానిక్
బ్రిటన్ అపాచీలకు రెక్కలు మడిచే ఏర్పాటు ఉంది. కొన్నప్పుడే అడిగి పెట్టించుకున్నారు. నేను చెబుతున్నది అదే.

సోంపేట హవల్దార్
అడిగి పెట్టించుకుంటే అవుతుందని మీరే ఒప్పుకున్నారు.

ఓడ మెకానిక్
నేను ఒప్పుకోలేదు. ప్రచండ్‌కు ఎవరూ అడగలేదు, ఎవరూ పెట్టలేదు. లేనిదాన్ని ఉందని చెప్పి ఈ కుర్రాడి నోట్సు పాడుచేయకండి.

బొబ్బిలి కోట
రెండు రోజులుగా మడత చుట్టూనే తిరుగుతున్నారు. ఆ అబ్బాయి అడిగింది మడత గురించి కాదు.

పార్వతీపురం ఇంజనీర్
అసలు ఈ ఖర్చే అనవసరం. పోరాట హెలికాప్టర్ల స్థానంలో డ్రోన్లు పెడతామని జపాన్ 2022 డిసెంబరులో ప్రకటించింది. అమెరికా సైన్యం 2024 ఫిబ్రవరిలో తన కొత్త నిఘా హెలికాప్టర్ పథకాన్నే ఆపేసింది. ఉక్రెయిన్‌లో హెలికాప్టర్లకు ఏమవుతోందో రోజూ చూస్తున్నాం.

సోంపేట హవల్దార్
ఇంజనీర్ గారూ, ఊపిరితిత్తుల్లో నీరు చేరిన జవానును మీ డ్రోన్ ఏ గదిలో పడుకోబెట్టి కిందికి తెస్తుంది? నేను సియాచిన్‌లో ఉన్నాను. అక్కడ చీతా హెలికాప్టర్ అంటే అన్నం, కిరోసిన్, ఉత్తరం, ప్రాణం. దాని అసలు నమూనా ఫ్రాన్సువాళ్ల లామా. 1972లో 12,442 మీటర్ల ఎత్తుకు వెళ్లిన హెలికాప్టర్ అది. అంతటిది కూడా మా దగ్గరికి వచ్చేసరికి కొన్ని కిరోసిన్ డబ్బాలు మోయడానికే ఆయాసపడేది, ఎందుకంటే అక్కడ గాలి పలచన. రెక్క కోయడానికి గాలి ఉండాలి, ఇంజను పీల్చడానికీ గాలి ఉండాలి. పైలట్లు బరువు గ్రాముల్లో లెక్కపెట్టేవాళ్లు.

నాగావళి కుర్రాడు
మరి సముద్రం మీద హెలికాప్టర్‌కు అసలు పని ఏమిటి మాస్టారూ? జలాంతర్గాములను వెతకడమేనా?

ఓడ మెకానిక్
ముఖ్యంగా అదే. అలలకు కొంచెం పైన గాలిలో నిలబడి, తాడు చివరన వేలాడే సోనార్‌ను, అంటే శబ్దంతో వెతికే పరికరాన్ని, నీటిలోకి దించుతుంది. వింటుంది. పైకి లాగుకుని మరోచోటికి వెళ్లి మళ్లీ దించుతుంది. ఓడలో ఉన్నవాడికి తన ఇంజను చప్పుడే అడ్డం. హెలికాప్టర్‌కు ఆ బాధ తక్కువ. పైగా జలాంతర్గామి దాన్ని టార్పెడోతో కొట్టలేదు. ఈ పనిని మన నౌకాదళంలో 1971 నుంచి సీకింగ్ హెలికాప్టర్లు చేశాయి. వాటి చోటులోకి వస్తున్న 24 ఎంహెచ్-60ఆర్ సీహాక్‌ల మొదటి దళం 2024 మార్చిలో కొచ్చిలో మొదలైంది. కామోవ్-31ది ఇంకో పని. కడుపు కింద ముడుచుకున్న పెద్ద రాడార్‌ను విప్పి తిప్పుతూ, దూరం నుంచి వచ్చే విమానాలను ఓడకు ముందుగా చెబుతుంది.

నీళ్లలో చిక్కుకున్నవాళ్లను కాపాడే పని వేరు. జలాశ్వ ఓడతో పాటు 2007లో వచ్చిన యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లు విశాఖలోని మా నౌకాదళ వైమానిక కేంద్రం ఐఎన్‌ఎస్ డేగాలో 17 ఏళ్లు ఆ పని చేశాయి. 2024 జూన్‌లో సాగనంపారు. ఒకదాన్ని విశాఖ నగరానికి ప్రదర్శనకు ఇచ్చారు. మా చేతులతో తుడిచిన యంత్రాన్ని అలా కదలకుండా చూడటం నాకు కష్టం.

భావనపాడు తీరం
ఇంతవరకూ చదువుతూ ఊరుకున్నాను. మాది వేట కుటుంబం. ఓడ మెకానిక్ గారు చెప్పిన సోనార్ గొప్పదే కావచ్చు. నీళ్ల కింద ఎక్కడో ఉన్న జలాంతర్గామి దొరుకుతుంది, నీళ్ల మీద తేలే మా మనిషి దొరకడు. మా అన్నయ్య వెళ్లిన బోటు ఇంజను ఆగిపోయిందని పక్క బోటువాళ్లు ఫోనులో చెప్పారు. అప్పుడు మధ్యాహ్నం రెండు గంటలు. ఒక ఆఫీసుకు ఫోను చేస్తే ఇంకో ఆఫీసు నంబరు ఇచ్చారు. వాళ్లు బోటు రిజిస్ట్రేషన్ కాగితం పట్టుకుని రమ్మన్నారు. ఆ కాగితం బోటులోనే ఉంది. హెలికాప్టర్ మరుసటి రోజు పొద్దెక్కాక వచ్చింది. విశాఖ నుంచి మా ఊరికి దానికి గంట కూడా పట్టదు. బోటు దొరికింది, నలుగురిలో ముగ్గురు దొరికారు. అన్నయ్య దొరకలేదు.

ఓడ మెకానిక్
తమ్ముడూ, చాలా బాధగా ఉంది. అది ఆలస్యమైతే ఏమవుతుందో నాకు తెలుసు. నీటిలో మనిషి గంటకు రెండు కిలోమీటర్లు కొట్టుకుపోతాడనుకుంటే, ఆరు గంటల తర్వాత 12 కిలోమీటర్ల వ్యాసార్ధంలో వెతకాలి. అది సుమారు 450 చదరపు కిలోమీటర్లు. పన్నెండు గంటలైతే 1,800. సమయం రెట్టింపైతే వెతకాల్సిన సముద్రం నాలుగింతలవుతుంది. పైనుంచి కనిపించేది తల ఒక్కటే. అల నురుగుకూ తలకూ తేడా తెలియదు. చీకటి పడితే అదీ కనిపించదు.

సోంపేట హవల్దార్
నా సానుభూతి కూడా ఉంది. కానీ అది ఆఫీసుల తప్పు, హెలికాప్టర్ల సంఖ్య తప్పు కాదు. పైగా హెచ్చరికలు ఉన్నా వేటకు వెళ్లేవాళ్లను ఎన్ని హెలికాప్టర్లు కాపాడగలవు? 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కూడా చూశాం.

భావనపాడు తీరం
ఏ హెచ్చరిక? అది మాఘమాసం. ఆకాశంలో మబ్బు కూడా లేదు. ఇంజను ఆగింది, అంతే. తిత్లీ నాడు మేం బోట్లు ఒడ్డుకు లాగి ఇళ్లలో ఉన్నాం. ఇళ్లే పోయాయి, కొబ్బరి చెట్లు పోయాయి. ఏమీ తెలియకుండా మాట్లాడకండి. మీ జవానుకు జబ్బు చేస్తే హెలికాప్టర్ రావాలి, అది హక్కు. మా మనిషి నీళ్లలో ఉంటే అది దయ. తేడా అదే కదా? ఆ మాట నేరుగా చెప్పండి. ప్రచండ్‌లో ముందొకరు వెనకొకరు ఇద్దరే కూర్చుంటారు. మూడో మనిషిని పైకి లాగడానికి చోటే లేదు. 62,700 కోట్లలో మా కోసం ఒక్క సీటు లేదు.

నిర్వాహకుడు
ఇద్దరూ నిదానించాలని మనవి. వ్యక్తిగతంగా నొప్పించే మాటలు వద్దు.

సోంపేట హవల్దార్
నిదానంగానే చెబుతాను. హెచ్చరిక అన్న మాట తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను. ఆ మిగతాది తీసుకోను. యుద్ధ యంత్రాన్ని కొనేటప్పుడు, అది వరదలకు పనికొస్తుందా, వేటవాళ్లకు పనికొస్తుందా అని అడగడం మొదలుపెడితే ఏదో ఒక రోజు యుద్ధానికి పనికొచ్చేది ఏదీ మిగలదు. నా పక్కన ఉన్న సోదరుడు, పేరు వద్దు, ఛాతీలో గురగుర మొదలైన నాలుగో రోజుకు పోయాడు. వాతావరణం బాగాలేదన్నారు. బాగున్న పూట చీతా వేరే పోస్టుకు వెళ్లింది, ఎందుకంటే ఆ పూట ఉన్నది ఒక్కటే. నాలుగు రోజులు ఆకాశం వైపు చూశాం. మీకు మాత్రమే ఎదురుచూడటం తెలుసనుకోకండి.

ఉప్పుగాలి
ఇద్దరూ అడుగుతున్నది ఒకే హెలికాప్టర్ కదండీ. మోసేది, పైకి లాగేది. సోదరుడి కోసం రావాల్సింది కూడా ప్రచండ్ కాదు.

సోంపేట హవల్దార్
కాదు. అది నిజమే. చీతాల బదులు కొత్తవి రావాలని మేం అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాం. కానీ ఆ పోస్టుకు దారి తెరిచి ఉంచేది పోరాట హెలికాప్టరే.

ఓడ మెకానిక్
ఇంకో సంగతి కూడా చూడాలి. 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో కోస్ట్ గార్డ్ ధ్రువ్ కూలి ముగ్గురు చనిపోయారు. మొత్తం ధ్రువ్‌లన్నింటినీ ఎగరకుండా ఆపేశారు. రోటార్ కింద ఉండి రెక్కల వాలును మార్చే స్వాష్‌ప్లేట్‌లో పగులు కనిపించింది. సైన్యం, వైమానిక దళం ధ్రువ్‌లకు మే నెలలో అనుమతి వచ్చింది, సముద్రం మీద తిరిగేవాటికి అప్పుడు రాలేదు. అన్నింటికీ ఒకే కుటుంబం మీద ఆధారపడితే, ఒక భాగం పగిలితే కొండా సముద్రమూ రెండూ ఒకేసారి ఆగిపోతాయి. హవల్దార్ గారు మొదట ఒకే కుటుంబం అన్నప్పుడు నేను మడత దగ్గరే ఆగిపోయాను. చెప్పాల్సింది ఇది.

నాగావళి కుర్రాడు
భావనపాడు అన్నగారూ, నేను ప్రశ్న అడిగిన తీరే తప్పనిపిస్తోంది. క్షమించండి.

భావనపాడు తీరం
నీ తప్పేమీ లేదు తమ్ముడూ. చదువుకో.

హవల్దార్ గారూ, మీ సోదరుడికి జెండా కప్పారు. ఇంటికి పింఛను వచ్చింది. రావాలి కూడా. మా అన్నయ్య శవం దొరకలేదు కాబట్టి మరణ ధ్రువపత్రం లేదు. ఏడేళ్లు గడిస్తేనే చనిపోయినట్టు లెక్క అంటున్నారు. అంతవరకూ వదినకు ఏ సాయమూ రాదు. నేను హెలికాప్టర్ గురించి అంత గట్టిగా మాట్లాడటానికి కారణం ఇదీ ఉంది. ఆ రోజు అది వచ్చి ఉంటే కనీసం శవం దొరికేదేమో.

సోంపేట హవల్దార్
ప్రచండ్ విషయంలో నా మాట మారలేదు, మారినట్టు రాయలేను. కానీ మా రెజిమెంటులో ఆచూకీ లేనివాళ్ల కాగితాలు నేను చూసేవాడిని. కోర్టులో ఎలా అడగాలో నాకు తెలుసు. టెక్కలి నాకు దూరం కాదు. ఏడేళ్లు ఎప్పుడు నిండుతాయి?

భావనపాడు తీరం
వచ్చే మాఘానికి. కాగితాలు వదిన సిద్ధం చేసింది. అమ్మ మాత్రం వేలిముద్ర వేయనంటోంది.