బత్తాయి చిట్టీలో 12080 కిలోలు: ప్లస్ గుర్తుదే తప్పా?

నల్గొండ కొత్త కోడర్
మా బాబాయి బత్తాయి దుకాణానికి జావాస్క్రిప్ట్‌లో చిట్టీ పేజీ చేస్తున్నా. ఒక రైతు పొద్దున 120, మధ్యాహ్నం 80 కిలోలు తెచ్చాడు. చిట్టీలో "మొత్తం 12080 కిలోలు" అని పడింది! మా సీనియర్ ప్లస్ పూర్తిగా మానేసి టెంప్లేట్ లిటరల్స్ (వాక్యం మొత్తం ఒకేసారి రాసి, మధ్యలో విలువలను బ్రాకెట్లలో పెట్టే పద్ధతి) వాడమంటున్నాడు. నిజమేనా?

పాలమూరు అన్న
తమ్మీ, తప్పు ప్లస్‌ది కాదు. ఇన్‌పుట్ బాక్స్ నుంచి వచ్చే విలువ ఎప్పుడూ స్ట్రింగే, అంటే అంకెలైనా అక్షరాల వరుసే. స్ట్రింగులను ప్లస్ కూడదు, పక్కపక్కన అతికిస్తుంది. టెంప్లేట్ లోపల కూడిక పెట్టినా అదే 12080 వస్తుంది. ముందు రెండింటినీ నంబర్‌గా మార్చు.

మిర్యాలగూడ అక్క
మార్చినా చిక్కు పోదు అన్నా. "మొత్తం " తర్వాత ప్లస్ 120 ప్లస్ 80 అని రాస్తే లెక్క ఎడమ నుంచి నడుస్తుంది. మొదటి ప్లస్‌కే "మొత్తం 120" స్ట్రింగ్ అవుతుంది, దానికి 80 అతుక్కుంటుంది. మళ్లీ 12080! టెంప్లేట్‌లో కూడిక తన బ్రాకెట్లలో విడిగా జరుగుతుంది కాబట్టి 200 వస్తుంది. 2015 నుంచి ఉన్న సౌకర్యం, వాడుకోవడానికి ఏమడ్డం? వాక్యం మొత్తం కంటికి కనిపిస్తుంది, ఖాళీలు ఎక్కడ మర్చిపోయామో తెలుస్తుంది.

పాలమూరు అన్న
ప్లస్‌లో కూడికకు బ్రాకెట్లు పెడితే సరిపోతుంది కదా. అయినా వాక్యాలకు టెంప్లేటే మేలని ఒప్పుకుంటా. అడ్రసుకు మాత్రం ఒప్పుకోను. మండలం విలువే లేకపోతే చిట్టీ మీద "అన్‌డిఫైన్డ్" అని, అంటే విలువ లేదని, అచ్చవుతుంది. ఊరు, మండలం, జిల్లా అర్రేలో (విలువల జాబితాలో) పెట్టి, ఖాళీవి ఫిల్టర్‌తో తీసేసి, జాయిన్‌తో కామా పెట్టి కలపాలి. ఫిల్టర్ లేకపోతే రెండు కామాలు పక్కపక్కన పడతాయి.

మిర్యాలగూడ అక్క
అది నిజమే. ఇంకోటి, మన తెలుగుకు ముఖ్యమైనది. "నల్గొండ"కు "లో" కలిపితే బాగానే ఉంటుంది. "కొల్లాపూర్"కు కలిపితే "కొల్లాపూర్లో" అని లకారం రకారం కిందికి దిగిపోతుంది. ప్లస్ అయినా, టెంప్లేట్ అయినా అంతే. పొల్లుతో ముగిసే పేరుకూ ప్రత్యయానికీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని అక్షరం పెడితేనే "కొల్లాపూర్‌లో" అని వస్తుంది. రైతు తన ఊరి పేరు సరిగ్గా చూసుకోవాలి కదా.

నల్గొండ కొత్త కోడర్
నంబర్‌గా మార్చి టెంప్లేట్‌లో పెట్టా, 200 వచ్చింది. ఈ పొల్లు సంగతి నాకు తట్టనే లేదు అక్కా. ఊర్ల జాబితా మొత్తం మళ్లీ చూస్తున్నా.