దేవుడి పాత్రలో ఆడే గేమ్ చేస్తున్నాం, ఆడినవాళ్లు కాసేపటికే బోర్ అంటున్నారు. ఏం మార్చాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాను. నేనూ, ఇద్దరు ఫ్రెండ్సూ కలిసి గోడాట్ ఇంజిన్‌లో ఒక గేమ్ చేస్తున్నాం. ఆడేవాడే వానదేవుడు. కింద మూడు ఊళ్లు, వాటికి ఒకదాని కింద ఒకటి గొలుసుకట్టు చెరువులు. మాది వరంగల్ వైపు కాబట్టి ఆ లెక్క మాకు బాగా తెలుసు. పై చెరువు మత్తడి దుంకితే, అంటే నిండి అలుగు మీంచి పారితే, ఆ నీళ్లే కింది చెరువుకు వస్తాయి.

ఇప్పటికి వాన, ఎండ, పిడుగు, వరద అని నాలుగు బటన్లు పెట్టాం. దేవుడు కదా అని శక్తికి లిమిట్ పెట్టలేదు. ఆడించి చూస్తే, కొందరు ఊరి మీద వరద వదిలి, నాలుగు పిడుగులు వేసి, నవ్వుకుని ఫోన్ తిరిగి ఇచ్చేస్తున్నారు. కొందరు బుద్ధిగా అందరికీ వాన ఇస్తున్నారు, పంటలు పండుతున్నాయి, ఆ తర్వాత వాళ్లకు చేయడానికి ఏమీ మిగలడం లేదు. శక్తి తగ్గిస్తే దేవుడన్న ఫీల్ పోతుందేమోనని మా టెన్షన్.

ఇంకో తలనొప్పి కూడా ఉంది. ఒక బావి ఎండితే ఊరు ఊరంతా ఒకేసారి ఇంకో బావి మీద పడుతోంది. ఈ రకం గేముల మీద పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు

తమ్ముడూ, శక్తి ఎంత ఇచ్చినా ఫర్వాలేదు. బటన్ నొక్కగానే ఫలితం వచ్చేస్తోంది, చిక్కంతా అక్కడే. నొక్కడానికీ పంట పండడానికీ మధ్య ఇంకేమీ జరగకపోతే ఆడేవాడు ఆలోచించాల్సిన పనే లేదు.

ఈ తరహా గేములకు దారి వేసింది 1989లో బుల్‌ఫ్రాగ్ వాళ్లు చేసిన పాపులస్. అందులో మనుషులకు నువ్వు నేరుగా 'ఇక్కడికి రా, ఇది కట్టు' అని చెప్పలేవు. నేలను ఎత్తు చేయగలవు, పల్లం చేయగలవు. చదును నేల దొరికితే వాళ్లే వచ్చి ఇల్లు కట్టుకుంటారు, చదును ఎంత ఎక్కువుంటే ఇల్లు అంత పెద్దది. జనం పెరిగితే నీ శక్తి పెరుగుతుంది, ఆ శక్తితో భూకంపాలు, అగ్నిపర్వతాలు. దాన్ని రూపొందించిన పీటర్ మోలిన్యూ తర్వాత ఒక ప్రసంగంలో దీని వెనక కథ చెప్పాడు. మనుషులు అడ్డం వచ్చినచోట చుట్టూ తిరిగి వెళ్లే కోడ్ రాయడం తనకు చేతకాలేదట. వాళ్లు ఎక్కడికక్కడ ఇరుక్కుపోతుంటే, ఆడేవాడే నేల సరిచేసి దారి ఇవ్వనీ అని వదిలేశాడట. ఆ అవస్థలోంచి ఒక కొత్త రకం గేమే పుట్టుకొచ్చింది.

నీ గేమ్‌లో వాన బటన్ తీసేయ్. మబ్బును ఇయ్యి, గాలిని ఇయ్యి. మబ్బును ఎటు తోలాలో ఆడేవాడు చూసుకుంటాడు, ఎక్కడ ఎంత కురుస్తుందో నేల ఎత్తును బట్టి తేలుతుంది. ఆ తర్వాత నీళ్లు వాటి దారిన అవి పోవాలి. పై ఊరికి వాన ఎక్కువైతే మొదటి చెరువు మత్తడి దుంకుతుంది, రెండోది నిండుతుంది. ఇంకా ఎక్కువైతే కట్టకు గండి పడి, ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా రెండో కట్ట మీదకు వస్తాయి. పైవాళ్ల కోరిక తీరిస్తే కిందివాళ్లు మునగొచ్చు. గొలుసుకట్టు చెరువులు నీ చేతిలో ఉండగా వేరే శత్రువు ఎందుకు చెప్పు? 2011లో ఎరిక్ షాహీ చేసిన ఫ్రమ్ డస్ట్ ఒకసారి ఆడి చూడు. మట్టి, నీళ్లు, లావా తీసి పోయడమే అందులో ప్రధానమైన పని, అయినా చెమటలు పడతాయి.

ప్రశ్న అడిగినవారు

అన్నా, నీళ్ల లెక్క ఎలా రాయాలి? నిజమైన ఫ్లూయిడ్ సిమ్యులేషన్ అంటే ఫోన్ వేడెక్కిపోతుంది కదా.

జవాబు

అంత అవసరం లేదు. మ్యాప్‌ను గడులుగా చెయ్యి, 96×96 చాలు. ప్రతి గడికీ రెండు అంకెలు: నేల ఎత్తు, నీటి లోతు. రెండూ కలిపితే నీటిమట్టం. పక్కనున్న నాలుగు గడుల్లో మట్టం తక్కువ ఉన్నవాటికి తేడాలో కొంత భాగం పంపు. ఉన్న నీళ్లకన్నా ఎక్కువ పంపకుండా చూసుకో. చదివే అరే (అంకెల పట్టిక) ఒకటి, రాసే అరే ఒకటి, వేర్వేరుగా ఉండాలి. ఒకే అరేలో చదువుతూ రాస్తే నీళ్లు ఒక పక్కకే ఈడ్చుకుపోతాయి. ప్రతి టిక్‌కూ, అంటే లెక్క ఒకసారి తిరిగినప్పుడల్లా, మొత్తం నీళ్లు కూడి ప్రింట్ చేసుకో. వాన, ఆవిరి, పారకం లెక్కతో అది సరిపోకపోతే ఎక్కడో కారుతున్నట్టే. సెకనుకు 10 టిక్కులు చాలు, మధ్యలో కదలికను తెర మీద నున్నగా చూపించుకోవచ్చు.

కట్ట అంటే ఎత్తున్న నేలే. మత్తడి ఆ కట్టలో కాస్త పల్లంగా ఉన్న గడి. తూము తెరిచి మూసే గడి. వీటికి వేరే కోడ్ రాయకండి.

ఇంకొకరు

పైవారు చెప్పింది బాగుంది కానీ అది సగమే. పాపులస్ పద్ధతిలో ఒక చిక్కుంది. జనం పెరిగితే శక్తి, శక్తి పెరిగితే ఇంకా జనం. ముందున్నవాడు ముందుకే పోతాడు. ఎదురుగా ఇంకో దేవుడుంటే పోటీగా నడుస్తుంది. మీది ఒంటరి దేవుడు కాబట్టి సగం ఆటకల్లా ఫలితం తేలిపోతుంది.

నేనైతే శక్తిని జనాభాకు కాకుండా నమ్మకానికి కడతాను. 2001లో వచ్చిన బ్లాక్ అండ్ వైట్ అనే దేవుడి గేమ్‌లో ఒకే మహిమ మళ్లీ మళ్లీ చూపిస్తే ఊరివాళ్లు ఆశ్చర్యపోవడం మానేస్తారు. అదే ఇక్కడ పెట్టండి. మొదటిసారి 10 పాయింట్లు, వెంటనే మళ్లీ చేస్తే 6, ఆపైన 3. కొంత కాలం ఆగితే తిరిగి పెరగాలి.

ఇక మీ వానకు సరిపోయేది ఒకటి చెబుతా. ఏటా టైముకు అడగకుండానే వాన పడితే జనం దాన్ని దేవుడి ఖాతాలో వేయరు, కాలం బాగుంది అంటారు. నమ్మకం మెల్లగా తగ్గాలి. వాన రాకపోతే కప్పతల్లి ఆడతారు, ఇంటింటికీ తిరిగి నీళ్లు పోయించుకుంటారు. అప్పుడు కురిస్తే నమ్మకం ఒక్కసారి పెరగాలి. ఇక ఆడేవాడికి బుద్ధి పుడుతుంది: కావాలనే ఆలస్యం చేస్తే? చేయనివ్వండి. కానీ ఆలస్యమైనకొద్దీ కొన్ని ఇళ్లకు తాళాలు పడాలి, వలస పోవాలి. పోయినవాళ్లు మళ్లీ రారు. ఇంకొంచెం ఆగుదామా, ఇప్పుడే కురిపిద్దామా అని ఆడేవాడు తనలో తాను కొట్టుకుంటుంటే మీ బోర్ సమస్య తీరినట్టే.

ప్రశ్న అడిగినవారు

ఇది అదిరింది. అయితే మంచి దేవుడు, చెడ్డ దేవుడు అని పైన ఒక మీటర్ పెట్టాలా?

ఇంకొకరు

వద్దండి. మీటర్ పెట్టగానే జనం ఊళ్లను చూడటం మానేసి మీటర్నే చూస్తారు.

మొదట జవాబు ఇచ్చినవారు

నేను ఒప్పుకోను. కొత్తగా ఆడేవాడికి తను చేసినదానికి ఏమవుతోందో తెలియాలి. లేకపోతే గేమ్ తనను మోసం చేస్తోందనుకుంటాడు. అంకె వద్దంటే సరే, బ్లాక్ అండ్ వైట్‌లోలా చూపులో మార్చు. అందులో నీ నడవడిని బట్టి నీ చెయ్యి, నీ గుడి, నువ్వు పెంచే జంతువు రూపం మారతాయి. మీకు గుడి ముందు దీపాలు, తాళం పడిన ఇళ్లు, చెరువు కట్ట మీద కూర్చునేవాళ్ల మాటలు చాలు. ఎవరైనా మనిషిని నొక్కితే ఒక వాక్యం రావాలి: 'పోయినేడు మొక్కినం, చుక్క పడలే.' అది ఏ మీటరూ చెప్పలేదు.

ఒక సభ్యురాలు

బావి సంగతి ఎవరూ చెప్పలేదు. ద సిమ్స్ గేమ్‌లో వస్తువులే మనుషులకు 'నా దగ్గర ఆకలి తీరుతుంది' అని చెప్పుకుంటాయి, మనిషి తన అవసరాన్ని బట్టి ఎంచుకుంటాడు. మీ బావి కూడా అలా చెప్పాలి, కానీ మూడు సంగతులు జోడించండి. దూరం పెరిగితే విలువ తగ్గాలి. ఇప్పటికే ఎంతమంది బయల్దేరారో బావికి తెలియాలి, ఆ మేరకు కొత్తవాళ్లకు విలువ తగ్గించి చెప్పాలి. అందరిలో మంచిదాన్ని అందరూ ఎంచుకోకుండా, పైన ఉన్న మూడింట్లో ఒకదాన్ని తూకం వేసి యాదృచ్ఛికంగా తీసుకోవాలి. అందరి ఆలోచనా ఒకే ఫ్రేమ్‌లో జరగకుండా విడదీస్తే ఫోన్‌కూ హాయి, చూడటానికీ సహజంగా ఉంటుంది.

ఇంకో మాట. మీ ఊళ్లలో నీరటికాడు ఉన్నాడా? తూము ఎప్పుడు తెరవాలో, ఏ పొలానికి ఎంత పారించాలో చూసేది ఆయనే. ఆయన మీ మాట వినకూడదు. దేవుడు నిండా నీళ్లిచ్చినా, ఆయన తూము మూసి ఉంచితే చివరి పొలం ఎండాలి. నాకైతే ఆ ఊళ్లో అందరికన్నా ముఖ్యమైన మనిషి ఆయనే.

ఇంకొక సభ్యుడు

మరి వరల్డ్‌బాక్స్ అనే దేవుడి గేమ్‌లో లక్ష్యమే లేదు కదా, బోలెడుమంది ఆడుతున్నారు. వరద వదిలి, పిడుగులు వేసి ఫోన్ ఇచ్చేసేవాళ్ల కోసం పిడుగులు పెంచితే పోదా?

మొదట జవాబు ఇచ్చినవారు

అది వేరే దారి. అందులో జాతులు, రాజ్యాలు, యుద్ధాలు కుప్పలుగా ఉంటాయి, ఎక్కడో ఏదో జరుగుతూనే ఉంటుంది. అంత సరుకు ముగ్గురు విద్యార్థులు చేయలేరు. మూడు చెరువుల గేమ్ చేయండి. పిడుగులు ఉంచుకోండి, వేసినవాడి ఊరు ఖాళీ అవుతుంది, అంతే.

ప్రశ్న అడిగినవారు

చివరిగా ఒకటి. దేవుడికి ఇంద్రుడు అనో వరుణుడు అనో పేరు పెట్టొచ్చా?

ఇంకొకరు

పెట్టకుండా ఉంటే మేలు. 2009లో ప్లేస్టేషన్ 2కి హనుమాన్: బాయ్ వారియర్ వచ్చింది, చేసింది మన హైదరాబాద్ స్టూడియోనే. దేవుణ్ణి కంట్రోలర్‌తో ఆడించడమేమిటని అమెరికాలోని ఒక హిందూ సంఘం అభ్యంతరం చెప్పింది. అక్కడ హనుమంతుడు హీరో, మంచివాడు. మీ గేమ్‌లో ఆడేవాడు కావాలనే కరువు తెప్పించగలడు. పేరు పెట్టి మరీ ఎందుకు తలనొప్పి? ఊరి దేవత అనో, పేరు లేని వానదేవుడనో వదిలేయండి. స్టోర్ పేజీలో పెట్టే గుడి బొమ్మ కూడా ఏదో ఒక నిజమైన గుడిలా ఉండకుండా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ థ్యాంక్స్. ముందు ఒక చెరువు, ఒక ఊరు, మబ్బు మాత్రమే చేస్తాం. నమ్మకం లెక్క కోడ్ రాయకముందు కాగితం మీద ఆడి చూద్దామనుకుంటున్నాం.

మొదట జవాబు ఇచ్చినవారు

కాగితం మంచిదే, నమ్మకం పాయింట్లకు పనికొస్తుంది. నీళ్లకు మాత్రం దాన్ని నమ్ముకోకండి. పాపులస్ వాళ్లు కూడా లెగోతో బోర్డు గేమ్ చేసి ఆడారు. బ్యాలెన్స్ చేయడానికి అది ఏమీ ఉపయోగపడలేదని, పత్రికలవాళ్లకు చెప్పుకోవడానికి మాత్రం పనికొచ్చిందని మోలిన్యూయే ఒప్పుకున్నాడు. ఒక చెరువు బిల్డ్ తయారవగానే ఏపీకే (ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే ఫైల్) ఇక్కడ పెట్టు. నా దగ్గర 3 జీబీ ర్యామ్ ఉన్న పాత ఫోన్ ఉంది, 96×96 దాని మీద లాగుతుందో లేదో చూసి చెబుతా.